బండి బరువు పోను

రంగత్,
జూన్ 4, 2025

మావయ్యకి,

కనకలక్ష్మి రాస్తున్నది. ఫోన్ చేస్తే మీకు వినపడదు. సెల్లు మీద అక్షరాలు మీకు ఆనవు. మీ పక్కింటి మంజు దీదీకి ఫోన్ చేసి, కాగితం మీద రాసి మీకు చూపించమంటే, మా ఇంటి సంగతులు పరాయి చేతిరాతలో చదవనని మీరు ఆవిడ మొహం మీదే అన్నారట. ఆవిడ ఇంకా మర్చిపోలేదు. అందుకే ఉత్తరం. ఎనిమిదో తరగతితో నా తెలుగు చదువు ఆగిపోయింది, తర్వాతంతా హిందీయే. తప్పులుంటే నవ్వకండి.

మీరు చూసి కొనిపించిన పికప్ బండి క్షేమంగా ఇంటికి చేరింది. మా అత్త కాళమ్మ దానికి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధిలో అందరినీ పిలిచి చూపించింది. ఇన్నాళ్ళూ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బస్సులో కదంతలా సంతకి వెళ్ళేది. ఇకమీదట కొడుకు బండిలో ముందు సీటులో కూర్చుని వెళ్తుందట. "నానిప్పుడు మేమ్‌సాబ్‌నే" అంటూ నవ్వింది. అమ్మ పోయాక మీరు నన్ను పెంచారు, పెళ్ళయ్యాక ఈవిడ పెంచుతోంది.

కదంతలాలో ఒకాయన ఇల్లు కడుతున్నాడు. సిమెంటు తోలే పని మాకిచ్చాడు. ఇక్కడ బండ్లవాళ్ళు కంటికి తోచినన్ని బస్తాలు వేసేస్తారు. ముప్పై ఐదంటాడొకడు, నలభై అంటాడొకడు. మీ అల్లుడి సంగతి మీకు తెలుసుగా, ఏదైనా అడిగి చేసే మనిషి. "మావయ్యని అడుగు, ఆయన ఎంతంటే అంతే ఏద్దాం" అన్నాడు.

బండి పక్కన తెల్లరంగుతో రెండు అంకెలు రాసి ఉన్నాయి. యూ.డబ్ల్యూ. 1600, ఆర్.ఎల్.డబ్ల్యూ. 2800. రెండింటిలో మేం చూడాల్సింది ఏది? ఎన్ని కిలోలు వేసుకోవచ్చో రాయండి. బస్తా యాభై కిలోలు.

మీ మోకాళ్ళకు ఆ నూనె రాస్తూ ఉండండి.

మీ మేనకోడలు
కనకలక్ష్మి

* * *

జంగ్లీఘాట్,
జూన్ 9, 2025

లక్ష్మీ,

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. ఎర్రసిరాతో దిద్ది దాచాను. నాకు కార్డు చాలు, నీలా కాగితాలు నింపే ఓపిక లేదు. గోల్ ఘర్‌లో చెవి మిషను కొన్నాను. అది పెట్టుకుంటే ఊళ్ళో స్కూటర్లన్నీ చెవిలో దూరుతున్నాయి, మనిషి మాట మాత్రం దూరదు. తీసి డబ్బాలో పడేశాను.

బ్రేకుల గురించి బెంగ పెట్టుకోకండి. రాముడు నా కళ్ళ ముందే నాలుగు చక్రాలకీ కొత్త లైనింగులు వేశాడు. నా చేతికింద పని నేర్చిన మెకానిక్కు.

కార్డులో చోటైపోతోంది. అసలు సంగతి. మీ బండికి 2800, బండి బరువు పోను. కూర్చునేవాళ్ళ బరువు కూడా తీసెయ్యాలి. అంతే. ఓడల రిపేరు షెడ్డులో ముప్పై ఏళ్ళు ఇలా ఒక్క ముక్కలోనే చీటీలు రాశాను. ఒక్క ఇంజనూ తప్పుగా పోలేదు.

కాళమ్మగారి ఎండు నెత్తళ్ళు అయిపోయాయని చెప్పు.

కన్నారావు

* * *

రంగత్,
జూన్ 21, 2025

మావయ్యకి,

మంజు దీదీకి ఫోన్ చేసి చెప్పాను. ఈసారి ఆవిడ రాసింది మీరు చదివారని చెప్పింది. అయినా నా చేత్తో నేను రాయాలి.

పదిహేడో తారీకు మంగళవారం అత్త చనిపోయింది.

మొదటి ట్రిప్పు అదే. పొద్దున్నే సిమెంటు ఎక్కించారు. అత్త గంప పట్టుకుని ముందు సీటులో కూర్చుంది. నేను గుమ్మంలోనే నిలబడి చెయ్యి ఊపాను. కదంతలా ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా కొండ దిగుడు ఉంది కదా, అక్కడ బ్రేకు పట్టలేదు. మొదట కాలిన వాసన వచ్చిందట. తర్వాత ఎంత తొక్కినా కాలు నేలదాకా పోయిందట. మలుపులో బండి అత్త కూర్చున్న పక్కకి పడింది. బస్తాలన్నీ ముందుకొచ్చి పడ్డాయి. ఈయనకి మూడు పక్కటెముకలు విరిగాయి, ఎడమచెయ్యి విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాడు. తల్లికి కొరివి పెట్టడానికి కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు.

ఈయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. అన్నం పెడితే నోరు తెరవడు. ఒక్కటే అంటాడు, "అమ్మని నానే సంపేసేను" అని. నేను కాదన్నకొద్దీ మొహం గోడవైపు తిప్పేసుకుంటున్నాడు.

అంతా మీరు చెప్పినట్టే చేశాం మావయ్యా. మీరు రాసిన దానికంటే ఒక్క బస్తా కూడా ఎక్కువ వెయ్యలేదు. మరి ఎందుకిలా జరిగింది? మీకు బండ్ల సంగతి తెలుసు. ఎందుకో మీరే చెప్పాలి. మీరు చెప్తే ఆయన నమ్ముతాడు.

కనకలక్ష్మి

* * *

జంగ్లీఘాట్,
జూన్ 26, 2025

అమ్మీ,

నాతో మాట్లాడ్డానికి అందరూ గొంతు చించుకుంటారు. కాళమ్మ అలా కాదు. చేతులతో, కళ్ళతో చెప్పేది. చేపల ధర దగ్గర్నుంచి నీ పెళ్ళి సంబంధం దాకా ఆవిడ నాతో అలాగే మాట్లాడింది. ఆవిడ చెప్పిందంతా నాకు అర్థమయ్యేది. ఇలాంటి చావు ఆ మనిషికి రావాల్సింది కాదు. నాకు దుఃఖం ఆగడం లేదు.

ఇక ఎందుకు జరిగిందో చెప్తాను విను. బరువు సరిగ్గా వేశామంటున్నావు. నీమీద నాకు నమ్మకముంది, నా చేతుల్లో పెరిగిన పిల్లవి. బరువు సరిగ్గా ఉండి, దిగుడులో బ్రేకు పోయిందంటే తప్పు బ్రేకుల్లోనే ఉంది. అంటే రాముడి పనిలో. ఆ వెధవ నా ముందు కొత్త లైనింగులు చూపించి, నేను టీకి వెళ్ళినప్పుడు పాతవి బిగించి ఉంటాడు.

నిన్న వాడి షెడ్డుకి వెళ్ళాను. జనం ఉన్నారు, బండ్లు ఇచ్చిపోయేవాళ్ళు. ఉంటే ఉన్నారని అందరి ముందూ అడిగాను. ఒక ఆడకూతుర్ని చంపి ఏ ముఖం పెట్టుకుని స్పానరు పట్టుకున్నావురా అన్నాను. చొక్కా పట్టుకున్నాను. వాడేదో చెప్తూనే ఉన్నాడు, పెదాలు కదులుతూనే ఉన్నాయి. నాకు వినపడదు, వినాలనీ అనిపించలేదు. అక్కడున్న ముగ్గురు తమ బండ్లు తోసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళాల్సిందే.

అల్లుడికి చదివి వినిపించు. తప్పు అతనిది కాదు, మెకానిక్కుది. నేనన్నానని చెప్పు. లేచి అన్నం తినమను.

రావాలనే ఉంది. ఈ మోకాళ్ళతో అంతసేపు బస్సులో కూర్చోలేను.

మీ ఇద్దరి గురించే ఆలోచిస్తూ,
మావయ్య

* * *

రంగత్,
జూలై 3, 2025

మావయ్యకి,

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. అంతా విన్నాడు. ఆ రోజు నాలుగు ముద్దలు తిన్నాడు. తప్పు తనది కాదని మీరన్నారు కదా, దాంతో కాస్త మనిషయ్యాడు. ఇంటికి తీసుకొచ్చేశాం. రెండు రోజులు అలాగే గడిచాయి.

మొన్న పోలీసులు కేసు కాగితాల మీద సంతకానికి వచ్చారు. బండిని పరీక్ష చేసిన మోటారు ఇన్‌స్పెక్టరు కూడా వాళ్ళతో ఉన్నాడు. బ్రేకులు బాగున్నాయట. లైనింగులు కొత్తవేనట, కానీ నల్లగా బొగ్గయిపోయాయట. "బ్రేక్ మే కోయీ ఖరాబీ నహీ, ఓవర్‌లోడ్ హై" అన్నాడు. కాగితంలో యాభై మూడు బస్తాలని రాశారు. అది నిజమే, మేం వేసింది యాభై మూడే. తూకం ప్రకారం వేశాం సాబ్, మా మావయ్య అడిగితే రాసి పంపారు అని చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి ఈయన మళ్ళీ గోడవైపు తిరిగాడు. మజిస్ట్రేటు ముందు ఏమడిగినా తప్పు నాదేనని ఒప్పేసుకుంటానంటున్నాడు. శిక్ష పడుతుందని లాయరు చెప్పినా వినడు. పడనీ అంటాడు.

మీరు అనుకున్నదే నిజమైతే ఇన్‌స్పెక్టరు ఎందుకలా అన్నాడు? మీకు ఏది నిజమనిపిస్తుందో అది రాయండి. నాకోసం కాదు, ఈయనకోసం. ఈ ఇంట్లో ఒకరు పోయారు. రెండో మనిషి కూడా నా ఎదురుగానే పోతున్నాడు.

కనకలక్ష్మి

* * *

జంగ్లీఘాట్,
జూలై 8, 2025

కనకలక్ష్మికి,

యాభై మూడు బస్తాలా? నీ ఉత్తరంలో ఆ అంకె మూడుసార్లు చదివాను, కళ్ళు చెడ్డాయేమోనని. ఆ బండికి వెయ్యాల్సింది ఇరవై ఒక్క బస్తాలు! ఒక్క బస్తా కూడా ఎక్కువ వెయ్యలేదని ఏ నోటితో రాశావు?

బండికి 2800 అంటే బండీ, సరుకూ, మనుషులూ అన్నీ కలిపి రోడ్డు మీద నిలబడే మొత్తం. ఖాళీ బండే 1600. అది పోతే 1200. ముందు సీటులో ఇద్దరు మనుషులకి నూట యాభై తీసేస్తే వెయ్యిన్నీ యాభై. ఇరవై ఒక్క బస్తాలు. బండి బరువు పోను అని నేను స్పష్టంగా రాశాను. మూడో తరగతి పిల్లలు చేసే తీసివేత ఇది. మీకు రాలేదా, చెయ్యాలనిపించలేదా? రెండు ట్రిప్పుల పని ఒక్క ట్రిప్పులో తేలిపోతుందని ఆశపడ్డారా? కొత్త లైనింగులు కాదు, బంగారు లైనింగులు వేసినా అంత బరువుతో ఆ దిగుడులో మాడిపోతాయి.

నీ మాట నమ్మి నేను రాముడి పొట్ట కొట్టాను. తెలుసా నీకు? ఇల్లుగలావిడ షెడ్డు ఖాళీ చేయించింది. మనిషిని చంపిన మెకానిక్కు అని జంగ్లీఘాట్ అంతా చెప్పుకుంటోంది. ఆ మాట పుట్టింది నా నోట్లో. నా నోట్లోకి వచ్చింది నీ ఉత్తరంలోంచి.

నీ మొగుడు తప్పు ఒప్పుకుంటానంటే ఒప్పుకోనీ. కన్నతల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అంత బరువుతో కొండ దిగినవాడికి నేను చెప్పే ఓదార్పు లేదు.

కన్నారావు

* * *

రంగత్,
జూలై 13, 2025

మావయ్యకి,

మీ ఉత్తరం ఆయనకి చూపించలేదు. వచ్చిందని కూడా చెప్పలేదు. చివర మీరు రాసిన మాట చదివాక మీకు జవాబు రాయకూడదనుకున్నాను. కానీ మీరు మమ్మల్ని ఆశపోతులని, అబద్ధాలకోరులని అనుకుంటూ ఉండటం నాకు ఇష్టం లేదు.

మీరు పంపిన కార్డు నా దగ్గరే ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మీ బండికి 2800, బండి బరువు పోను. కూర్చునేవాళ్ళ బరువు కూడా తీసెయ్యాలి. అంతే."

దీన్ని మేం ఎలా చదివామో చెప్తాను. కర్చులు పోను వెయ్యి మిగిలింది అంటే, కర్చులన్నీ పోయాక చేతిలో ఉన్నది వెయ్యి. అలాగే బండి బరువు పోను 2800 అంటే, బండి బరువు మీరు ముందే తీసేశారు, మిగిలిందే 2800 అనుకున్నాం. మీరు మెకానిక్కులందరికీ గురువు, ఆ తీసివేత మీరే చేసి ఉంటారని నమ్మాం. బస్తా యాభై చొప్పున యాభై ఆరు వచ్చాయి. కూర్చునేవాళ్ళది తీసెయ్యమన్నారుగా, అత్తకీ ఈయనకీ కలిపి నూట యాభై అని మూడు బస్తాలు దింపించాం. ఇన్ని వేసి మూడు దింపడం దేనికని ఎక్కించే కూలీలు నవ్వారు. "ఇతనా డాల్‌కే తీన్ బోరీ కాహేకో ఉతారా భయ్యా?" అన్నారు. మావయ్య చెప్పాడు అన్నాడు ఈయన.

మాకు తెలుగు రాక పొరబడ్డామేమోనని ఇక్కడ తెలుగు చెప్పే సాయిలక్ష్మి టీచరుకి కార్డు చూపించాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ రెండుసార్లు చదివింది. "ఇందులోంచి బండి బరువు తీసెయ్యమనా, తీసేశాక ఇంత అనా? రెండూ అనుకోవచ్చమ్మా, రాసినాయన్నే అడగాలి" అంది.

అడగాల్సింది. మేం అడగలేదు. మిమ్మల్ని రెండోసారి అడిగితే విసుక్కుంటారని.

కంటికి తోచినంత వేసుకునేవాళ్ళు నలభై దగ్గర ఆగిపోతారు. వాళ్ళు ఈ రోజుకీ తిరుగుతున్నారు. అడిగి వేసుకున్నది మేమొక్కళ్ళమే మావయ్యా.

ఆశకి పోయామని మాత్రం అనకండి. ఆయనకి ఒక్క మాట రాయండి, కార్డు సంగతి. అందులో తప్పెవరిదో నేను చెప్పను. మీరే చెప్పండి.

కనకలక్ష్మి

* * *

జంగ్లీఘాట్,
జూలై 22, 2025

తల్లీ,

నువ్వు రాసింది చదివి, ఆ వాక్యాన్ని వేరే కాగితం మీద నేనే మళ్ళీ రాసుకుని చూశాను. నేను రాసేటప్పుడు అందులో ఒక్క అర్థమే ఉంది. ఇప్పుడు చదువుతుంటే నాకు రెండోదే కనిపిస్తోంది. ఇరవై ఒకటి అని ఒక్క అంకె రాస్తే సరిపోయేది. కార్డులో దానికి చోటుంది. నీ తప్పులు లెక్కపెట్టడానికీ, చెవి మిషను మీద హాస్యాలకీ చోటు దొరికింది నాకు. షెడ్డులో నా చీటీలు ఎవరికైనా అర్థం కాకపోతే వచ్చి అడిగేవారు. అడిగినప్పుడల్లా కసిరేవాణ్ణి. చివరికి అడగటం మానేశారు. అందరికీ అర్థమైపోతోందని మురిసిపోయాను.

పోయిన ఉత్తరంలో నేనన్న మాటలకి నన్ను క్షమించమని అడగను. అవి క్షమించేవి కావు.

రాముడి కోసం వెతికాను. చేపలు దింపే రేవు దగ్గర ఐసు పెట్టెలు మోస్తున్నాడు. తప్పు నీది కాదురా, నాది అని చెప్పాను. అందరూ ఉన్నారు, అందరికీ వినపడేట్టే చెప్పాను. వాడు పెట్టె కింద పెట్టి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. కాగితం, పెన్ను తీసి రాసివ్వమని చాపాను. వాడు వాటికేసి చూసి, పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వాడేమన్నాడో నాకిక తెలియదు.

పోలీసు స్టేషనుకి వెళ్ళి బరువు తప్పుగా చెప్పింది నేనని రాసిచ్చాను. తీసుకున్నారు. కానీ అంకెలు బండి మీదే ఉన్నాయి కాబట్టి చూసుకోవాల్సింది నడిపేవాడేనని అక్కడి రైటరు కాగితం మీద రాసి చూపించాడు. ఉత్తరం రాయడం నేరం కాదట. నా తప్పు తీసుకునేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

అల్లుడికి వేరే కాగితం పెడుతున్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడని తెలుసు, అందుకే పెద్దగా రాశాను. నువ్వు చదివి వినిపించకు, అతన్నే చదవనీ.

మావయ్య

"లోకనాథం బాబూ,
నువ్వు అడిగావు. నేను సరిగ్గా చెప్పలేదు.
వెయ్యాల్సింది ఇరవై ఒక్క బస్తాలు. నా కార్డు చదివితే యాభై మూడు వస్తాయి.
నువ్వు చదివింది తప్పు కాదు. నేను రాసింది తప్పు.
మీ అమ్మ చావు నా వల్ల. నీ వల్ల కాదు.
కన్నారావు"

* * *

రంగత్,
ఆగస్టు 2, 2025

మావయ్యకి,

మీ కాగితం ఆయన చేతికిచ్చి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. చదవడానికి పొద్దున్నంతా పట్టింది. ఒక్కో మాటా పైకి అంటూ చదివాడు, నాకు వినపడుతూనే ఉంది. "నీ వల్ల కాదు" దగ్గర ఆగాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. లేచి వస్తాడు, ఏడుస్తాడు, అన్నం అడుగుతాడు అనుకుంటూ పొయ్యి దగ్గర నిలబడ్డాను.

నన్ను పిలిచి కూర్చోమన్నాడు. ఇన్నాళ్ళూ నాకు చెప్పని సంగతి చెప్పాడు. అది మీకు రాయమన్నాడు.

బస్తాలు ఎక్కించాక అత్త గంప పట్టుకుని వచ్చిందట. వెంటనే ఎక్కలేదట. బండి చుట్టూ తిరిగిందట. వెనక చక్రాలు అణిగిపోయి, సరుకు వేసే డాలా చక్రాలకి తగులుతున్నంత కిందికి దిగిందట. చిన్నప్పట్నుంచీ పడవల్లో సరుకు ఎక్కించిన మనిషి. చక్రం మీద చెయ్యేసి, "నావయితే ఈపాటికి నీలు తాగీసును. సగం దించీరా బాబూ, రేపింకో పాలి తోలుకుందాం" అందట.

ఈయనకీ అలాగే అనిపించిందట. స్టీరింగు పట్టుకుంటే ముందు చక్రాలు తేలిపోతున్నట్టు ఉందట. అయినా జేబులోంచి మీ కార్డు తీసి చూపించాడట. "మావయ్య రాసిచ్చేడే, నీకేటి తెలుసు" అన్నాడట. అత్తకి చదువు రాదు కదా. కార్డువైపు చూసి ఎక్కి కూర్చుందట.

ఇది చెప్పాక నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "మావయ్య తప్పు మావయ్యది. కాదన్ను. గానీ ఆ కార్డులో దించొద్దని నేదు. మా యమ్మ దించమంది. నానే దించనేదు."

మీ కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. దాచమని కాదు. మీకు తిరిగి పంపెయ్యమన్నాడు. ఇందులో పెడుతున్నాను.

కనకలక్ష్మి